బండి దిమాగ్

వినాయక్ ఆ రేకు డబ్బాను ఊడదీసి పక్కకు ఒంచగానే, నిన్న పద్నాలుగు మంది బడిపిల్లలను రైలు పట్టాల మీద నిలబెట్టేసిన ఆ వ్యాన్ మెదడులోంచి నీళ్లు కారాయి. ధార కాదు, నాలుగైదు చుక్కలు. సిమెంటు నేల మీద పడి, ఏప్రిల్ ఎండకు చూస్తుండగానే ఆరిపోయాయి. కానీ ఆ రిపేరు షెడ్డులో ఉన్న నలుగురూ చూశారు. మెకానిక్ వినాయక్ చూశాడు, వ్యాన్ యజమాని సదానందం చూశాడు, దాన్ని రోజూ నడిపే పోశం చూశాడు, కూలర్ ముందు ఇనుప కుర్చీలో కూర్చున్న సదానందం తండ్రి భీమయ్య కూడా చూశాడు. వినాయక్ నాలుగు మరలు విప్పి మూత తీశాడు. లోపలి పలక మీద రాగి గీతలన్నీ చిలుము పట్టి ఉన్నాయి. వాటి మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర.

"అరే దేవా," అన్నాడు వినాయక్. "ఇది వేడికి పోలే, సదాభావూ. ఎవరో దీన్ని నీళ్లు తాపి చంపిండ్రు. ఒక్కనాడు గాదు, రోజూ. ఈ తెల్లది చూడు, పొర మీద పొర. మన బోరు నీళ్లే."

సదానందం పోశం వైపు తిరిగాడు. "రోజూ పొద్దుగాల బండి కడిగేదెవడు?"

"బయట కడుగుత అన్నా. లోపట చీపురే. నీళ్ల చుక్క వెయ్య." అన్నాడు పోశం. "నా బిడ్డ అర్చన గూడ అండ్లనే కూసుంటది గద. నా బిడ్డ కూసునే బండిని నేను ఖరాబ్ చేసుకుంటనా?"

"చేసుకుంటవో లేదో నాకెరుక లేదు. నీళ్లయితే కనబడుతున్నయి. బొంబాయి నుంచి వచ్చిన కొత్త డబ్బా బిగిచ్చి బండి స్టార్ట్ కాంగనే తాళం నా చేతుల పెట్టు. నాలుగింటికి బామ్నికి పోయి పిల్లల అమ్మానాయినలకు నేనే చెప్పుకుంట, ఎవనితోని గిట్లయిందో."

"గంట పడుతది," అన్నాడు వినాయక్ ఎవరినీ చూడకుండా. చిన్న పట్టకారుతో డబ్బా మూలలోని మర దగ్గర చిక్కుకున్న ఒక పోగును లాగి, వేళ్ల మధ్య నలిపి చూసి కింద పడేశాడు. కూలర్ గాలికి ఆ పోగు దొర్లుకుంటూ వచ్చి భీమయ్య కాలి బొటనవేలి దగ్గర ఆగింది. భీమయ్య వంగి తీసుకున్నాడు. గోధుమరంగు గోనె పోగు. అది ఏ సంచిదో ఆ షెడ్డులో ఆయన ఒక్కడికే తెలుసు. ఆ సంచి ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలుసు.

చెప్పాలి. ఇప్పుడే లేచి చెప్పాలి. లేవబోయాడు, కూలర్ లోపల మోటారు నీళ్లను పైకి తోడి వట్టివేళ్ల తడకల మీదికి వదులుతోంది, సన్నగా, ఆగకుండా, ఆ తడి వాసన ముఖానికి కొడుతుంటే కళ్లు మూతలు పడుతున్నాయి, గనిలో కూడా నీళ్లు ఇలాగే కారేవి, గోడల వెంట, పై కప్పు నుంచి, ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎవరికీ తెలియకుండా, ముప్పై నాలుగేళ్లు ఆ చప్పుడు వింటూనే తట్టలు నింపాడు. పైన బల్లార్షా అంతా రొట్టెల పెనంలా కాలుతుంటే కింద చల్లగా ఉండేది, మే నెలలో సైతం వీపుకు చెమ్మ తగిలేది, డ్యూటీ దిగి పైకొస్తే ఎండ చెంప మీద కొట్టినట్టు తగిలేది. భార్య రాజమ్మ ఎకసెక్కాలాడేది. నీకేంది, సర్కారు సల్లటి అర్ర ఇచ్చింది, నాకే ఈ రేకుల కొంప, అనేది. అంటూనే పొద్దున్నే అంగీ జేబులో ఒక ఉల్లిగడ్డ వేసేది. భూమి కింద వడదెబ్బ తగుల్తదానే పిచ్చిదానా, అంటే, పైకొచ్చినంక ఇంటిదాక ఎగురుకుంట వస్తవా, నడువవా, అనేది. ఆ ఉల్లిగడ్డ రోజంతా జేబులో ఉండి, బొగ్గుపొడి అంటి, సాయంత్రానికి ఇంటికి చేరేది, అదే కూరలో పడేది. భీమయ్య అంగీ జేబు తడుముకున్నాడు. ఉంది. పన్నెండేళ్లుగా తనే వేసుకుంటున్నాడు. ఆమె జేబులో మాత్రం ఎవరూ వేయలేదు, ఆడవాళ్ల బట్టలకు జేబులుండవు కదా, ఆ సంగతి తనకు అప్పట్లో తట్టనే లేదు.

ఖంగున పానా కింద పడింది. కళ్లు తెరిస్తే వినాయక్ బ్యాటరీ తీగ విప్పి పక్కకు కడుతున్నాడు, పళ్లు తోముకునే బ్రష్షును పెట్రోల్లో ముంచి, డబ్బాకు తగిలే ప్లగ్గు పళ్లను ఒక్కొక్కటే రుద్దుతున్నాడు. పసివాడి నోరు కడిగినట్టు ఎంత ఓపికగా రుద్దుతున్నాడో. పోశం షెడ్డు గుమ్మంలో, సగం నీడలో సగం ఎండలో నిలబడ్డాడు. పక్క నుంచి చూస్తే అచ్చం వాడి తండ్రి ఎల్లన్న. అదే ముక్కు, అదే కొంచెం వంగిన భుజం. నడుముకున్న ఆ వెడల్పాటి తోలు బెల్టు కూడా తండ్రిదే, గనిలో దీపం బ్యాటరీ తగిలించుకునేది.

ఆ రోజు ఆ దీపమే ముందు కనబడింది. మే నెల, మొదటి షిఫ్టు, గనిలో పొడుగాటి చీకటి దారి, దాని చివర ఊగుతూ ఒక దీపం, అరె అప్పుడే పని అయిపోయిందా అనుకున్నాడు, దీపం కింద ఎల్లన్న ముఖం తెల్లగా ఉంది, బొగ్గు అంటని ముఖం, అంటే పైనుంచి ఇప్పుడే దిగి వచ్చిన ముఖం. భీమన్నా, పైకి రా, వదినెకు పానం బాగలేదు. కిరోసిన్ లైనులో నిలబడిందట, మధ్యాహ్నం వరకు నిలబడిందట, డబ్బా పక్కనే పెట్టుకుని కూలబడిందట, లైను కదిలితే వెనకావిడ పిలిచిందట. దవాఖానాకు నల్లటి ముఖంతోనే పోయాడు. డాక్టరు చేతులు కడుక్కుంటూ చెప్పాడు, ఎండ దిమాగ్‌కెక్కింది, పడ్డచోటనే ఎవరన్నా ఒక తడిగోనె తెచ్చి కప్పి ఉంటే... అని ఊరుకున్నాడు. ఆ మాటను డాక్టరు పూర్తి చేయలేదు. పన్నెండేళ్లుగా భీమయ్యే పూర్తి చేస్తున్నాడు, ఒక్కోనాడు ఒక్కో రకంగా. కప్పి ఉంటే లేచి కూర్చునేది. కప్పి ఉంటే నన్ను తిట్టేది. కప్పి ఉంటే ఆ సాయంత్రం ఉల్లిగడ్డ ఏదని అడిగేది. ఒక్క గోనె. బొగ్గు గనిలో గోనెలకు కరువా. తన కాళ్ల దగ్గరే ఆ రోజు మూడు పడి ఉన్నాయి, కారే నీళ్లకు నానుతూ, ఎవరికీ పనికిరాకుండా.

"బాపూ, చాయ్ తాగుతవా?" సదానందం అడుగుతున్నాడు. భీమయ్య తల ఊపాడు. అవునన్నట్టు ఊపాడో కాదన్నట్టు ఊపాడో ఆయనకే తెలియదు. కొడుకు మళ్లీ బండి దగ్గరికి పోయాడు. వీడు రాజమ్మ పోలిక, కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి, ఇప్పుడు రెండు చెవులూ కుంకుమలా ఉన్నాయి. కోపం రాదా మరి. నిన్న మధ్యాహ్నం పిల్లల్ని దింపుకుంటూ వస్తున్న వ్యాన్ బామ్ని దారిలో రైల్వే గేటు మధ్యకు వచ్చి చప్పుడు లేకుండా ఆగిపోయిందట, దగ్గలేదు, తుమ్మలేదు, దీపం ఊదేసినట్టు ఆరిపోయిందట. విరూర్ వైపు నుంచి గూడ్సు కూత. గేటు మనిషి ఎర్రగుడ్డ ఊపుకుంటూ పట్టాల వెంట పరుగెత్తాడట. పోశం జారుడు తలుపు తెరిచి పిల్లల్ని ఒక్కొక్కరినే చంకల కింద పట్టి అవతలికి విసిరినట్టు దింపాడట, సొంత బిడ్డను అందరికంటే ఆఖరున. గూడ్సు చాలా దూరంలోనే ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదని అందరూ అంటూనే ఉన్నారు, అన్నప్పుడల్లా భీమయ్యకు పట్టాల మీద పద్నాలుగు నీళ్ల సీసాలు దొర్లుతూ కనిపిస్తాయి. పోశం ఆ సీసాలను తరువాత ఏరుకొచ్చాడు. ఏ సీసా ఎవరిదో తెలుసు వాడికి.

దిమాగ్. ఆ మాట మొదట డాక్టరు నోట విన్నాడు. తరువాత గని ఆఫీసులో విన్నాడు. నౌకరీ ఆఖరి ఏడాది అక్కడికి కంప్యూటర్ వచ్చింది, దానికోసం ప్రత్యేకంగా ఒక గది, గదికి ఏసీ, గుమ్మం బయట చెప్పుల వరుస, గుడి ముందు ఉన్నట్టే. ప్యూన్ శంకరయ్య చేయి అడ్డం పెట్టాడు, కాకా, బూట్లు బయటిడువు, లోపట కంప్యూటర్ ఉన్నది, దానికి దుమ్ము పడదు, గరం పడదు, గరమైతే దాని దిమాగ్ తిరుగుతది, మన పేర్లన్ని మర్చిపోతది. లోపలికి పోతే ఒళ్లు జలదరించింది, గనిలోకి దిగినట్టే అనిపించింది. అది గరగరమంటూ కాగితం కక్కింది. భీమయ్య, పుట్టిన తేదీ జూలై ఒకటి. ఎల్లన్నదీ జూలై ఒకటి. బడి ముఖం చూడని వాళ్లందరికీ పూర్వం ఏ గుమాస్తానో అదే తేదీ రాసి పారేశాడు. సగం గని ఒక్కనాడే పుట్టిందిరా, మంత్రసానికి తీరిక ఎట్ల దొరికిందో, అని ఎల్లన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. శంకరయ్య మాత్రం నవ్వలేదు, పెదవుల మీద వేలు పెట్టి ఆ యంత్రం వైపు చూపించాడు, నిద్రపోతున్న బిడ్డను చూపించినట్టు. భీమయ్యకు దాని మీద జాలి కలిగింది. ఇంతమంది పేర్లు మోస్తోంది పాపం, ఈ చంద్రపూర్ ఎండలో, ఆ ఒక్క చల్లటి గది కూడా లేకపోతే ఎట్లా బతుకుతుంది.

ఇదే కుర్చీలోనే కూర్చున్నాడు మొన్న కూడా. ఇరవై రోజులైంది. ఉప్పర్వాహి వైపు సిమెంటు ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి వచ్చిన జపాను ఇంజనీర్లు తెచ్చుకున్న వ్యాన్ అది, వాళ్లు వెళ్లిపోయాక వేలంలో సదానందం చేతికొచ్చింది, జిల్లా మొత్తంలో అలాంటిది మరొకటి లేదు. ఈ మధ్య మధ్యాహ్నం పూట దగ్గడం మొదలుపెట్టింది. వినాయక్ ఎడమ సీటు వెనక ఉన్న రేకు మూత ఎత్తి, కింది డబ్బాను వేలితో కొట్టి చూపించాడు, ఇది దీని కంప్యూటర్, ఇంజినుకు ఎంత పెట్రోలు పోవాలె, ఎప్పుడు మెరుపు రావాలె, అన్నీ ఇదే చెప్తది, దీని దిమాగ్ గరం అయితున్నది, ఇంక ఎక్కువ రోజులు నడువది, ఇదే నంబరుది బొంబాయిల పాత సామాన్ల బజారుల దొరుకుతది, తెప్పిస్త, అప్పటిదాక దీన్నే ఎట్లనో అట్ల నడుపుకోండ్రి. డబ్బా మీది నంబరును సిగరెట్ పెట్టె మీద రాసుకుని ఎస్టీడీ బూత్‌కు పోయాడు. సదానందం పోశంతో ఏదో అన్నాడు, పోశం ఏదో అన్నాడు, భీమయ్యకు ఆ తరువాతి మాటలేవీ వినబడలేదు. కంప్యూటర్. గరం. దిమాగ్. మూడు మాటలూ ఒక్కచోట, ఒక్క ఊపిరిలో. అప్పటిదాక ఎట్లనో అట్ల.

మర్నాడు తెల్లవారక ముందే లేచాడు. పోశం వచ్చి బండి కడిగి, వంటింటి గుమ్మంలో చాయ్‌కి కూర్చుంటాడు, ఆ చాయ్ తాగేంత సేపే. సంచిని బకెట్లో ముంచి, పిండకుండా, బరువుగా నీళ్లతో తెచ్చి, రేకు మూత ఎత్తి డబ్బా మీద పరిచాడు. నాలుగు మూలలూ సర్దాడు. కాళ్ల దగ్గర దోపినట్టు, మెడ కింద ఒత్తినట్టు. మూత వేశాడు. కొడుకుకు చెప్పలేదు, చెబితే తిడతాడు. పోయిన చలికాలం తలుపు బిగుసుకుందని దాని గాడిలో ఆముదం పోస్తే పిల్లల తెల్ల యూనిఫారాలన్నీ మరకలయ్యాయి, అప్పటి నుంచి, బాపూ, నీకు దండం పెడుత, బండి మీద చెయ్యెయ్యకు, అని ఆన. అయినా చెప్పుకునే పని కాదది. మధ్యాహ్నం వ్యాన్ తిరిగొచ్చాక సంచి తీస్తే పలకలా ఎండి గరగరలాడేది, అంత వేడిని అదే తాగింది కదా అని సంతోషపడేవాడు, దులిపి గోడకు ఆరేసేవాడు. పందొమ్మిది రోజులు. పందొమ్మిది రోజుల్లో బండి ఒక్కసారి దగ్గలేదు. పెద్దబాపూ, బండి దానంతట అదే మంచిగైందే, అని పోశం ఆశ్చర్యపోతే, లోపల్లోపల నవ్వుకున్నాడు. ఒక్కో ఉదయం మూత వేస్తుంటే రాజమ్మ ముందు సీట్లో కూర్చుని, కొంగు సవరించుకుంటూ, ఇప్పుడు మంచిగున్నది, సల్లగున్నది, అనేది. నిన్న సాయంత్రం చచ్చిన బండిని ట్రాక్టరు ఇంటికి ఈడ్చుకొచ్చినప్పుడు కూడా మూత ఎత్తి సంచిని తీశాడు. నిన్నటి సంచి పూర్తిగా ఆరలేదు. దిమాగ్ ఆగిపోతే వేడి ఎక్కడిది, తడి ఎట్లా ఆరుతుంది, అనుకున్నాడే గానీ, తడే దాన్ని చంపిందని తోచలేదు. తోచలేదంటే ఎవరు నమ్ముతారు.

తనే నమ్మలేకపోతున్నాడు. చల్లగా కూర్చుని ఒక మనిషిని పోగొట్టుకున్నాడు. చల్లబరచబోయి పద్నాలుగు మందిని చంపేవాడు. అందులో ఎల్లన్న మనుమరాలు. ఈ మాట కొడుకు ముందు ఎట్లా అనాలి, మీ అవ్వకోసం చేసినరా అనాలా, బండి కోసం అనాలా, ముసలితనం రా అనాలా, ఏది అన్నా సగం అబద్ధమే. పోగు వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్లీ చుట్టుకున్నాడు. ఊరుకుంటే ఏమవుతుంది, ఏమీ కాదు, కొత్త డబ్బా వచ్చింది, బండి నడుస్తుంది, పోశం ఇంకెక్కడైనా స్టీరింగు పట్టుకుంటాడు. కానీ బామ్నిలో వాడి ఇంటి ముందు నుంచి పోతూ జనం అంటారు, పిల్లల బండిల నీళ్లు పోసినోడు వీడే, అని. అర్చన బడిలో వింటుంది. పద్నాలుగు సీసాలు ఎవరివో తెలిసినవాడు. ఎల్లన్నా, నువ్వు పైనుంచి కిందికి దిగి వచ్చి నిజం చెప్పినవు, దాచలేదు. నేను ఈ కుర్చీలోంచి లేవలేకపోతున్న.

"నంబరు బరాబర్," అన్నాడు వినాయక్ కొత్త డబ్బాను వెలుతురులోకి పట్టి. కొత్తది అంటే అదీ పాతదే, ఏ ఊళ్లో ఏ వ్యాన్‌లోంచి వచ్చిందో, మూల మీద ఎవరో సుద్దతో గీసిన గుర్తు. ప్లగ్గు నొక్కాడు, టక్కుమంది. బ్యాటరీ తీగ బిగించాడు. పోశం సీట్లో కూర్చుని తాళం తిప్పితే స్పీడు చూపే పలక మీద చిన్న పసుపు దీపం వెలిగింది. ఇంజిను పట్టేసరికి దీపం ఆరాలె, ఆరితే మంచిది, ఆరకుంటే మన నసీబు, అన్నాడు వినాయక్. నలుగురూ ఆ దీపం వైపే చూశారు. దూరంగా, చీకటి దారి చివర ఊగుతున్న దీపం. దగ్గరికి వస్తే దాని కింద ఒక ముఖం ఉంటుంది. ఇంజిను ఒకసారి దగ్గింది, రెండోసారి పట్టింది, కడుపు నిండిన పిల్లిలా గుర్రుమంది. దీపం ఆరింది.

వినాయక్ చేతులు పైకెత్తాడు. సదానందం ముఖంలో ఒక్క క్షణం చిన్నప్పటి వెలుగు వచ్చి పోయింది. తరువాత చేయి చాపాడు. పోశం బండి ఆపి, తాళం తీసి, దానికి అర్చన కట్టిన ఎర్ర పూసల దండను మాత్రం విప్పుకుని, తాళం సదానందం చేతిలో పెట్టాడు. పూసలు జేబులో వేసుకుని గుమ్మం దాకా పోయాడు. ఆగాడు. వెనక్కి వచ్చాడు.

"పెద్దబాపూ, గట్లున్నవేంది? మొఖం ఎర్రగైంది. కళ్లు గూడ ఎట్లనో ఉన్నయి." భుజం మీది తువ్వాలు తీసి, కూలర్ కింది నీళ్ల తొట్టిలో ముంచాడు. పిండలేదు. అట్లాగే నీళ్లు కారుతుండగా తెచ్చి భీమయ్య తల మీద పరిచాడు, చెవుల పక్కన సర్దాడు, మెడ కింద ఒత్తాడు. "ఎండ దిగేదాక ఇక్కడనే కూసో. అన్న తోలుకపోతడు. నేను పోత మరి."

నీళ్లు నుదుటి మీదుగా, ముక్కు పక్కగా, పెదవుల మీదికి కారాయి. చల్లగా ఉన్నాయి. ఇంత చల్లగా ఉంటుందా, అనుకున్నాడు భీమయ్య. ఆ చెయ్యి ఇంకా తల మీదే ఉంది. ఆయన దాన్ని మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకున్నాడు, అరచేయి తెరిచి, వేలికి చుట్టుకున్న గోనె పోగును అందులో పెట్టాడు. కొడుకు వైపు చూశాడు. మాట దానంతట అదే వచ్చింది.

"తాళం పోశంకియ్యి బిడ్డా. ఆ నీళ్లు పోసింది వాడు గాదు, నేను. రోజూ పొద్దుగాల వాడు చాయ్ తాగంగ గోనెసంచి తడిపి దాని మీద కప్పిన. పందొమ్మిది రోజులు. దాని దిమాగ్ గరమైతున్నదన్నరు గద. మీ అవ్వకు గూడ గట్లనే అయ్యె. అప్పుడు నేను కింద సల్లగుంటి, కప్పెటోడు లేకపాయె. ఇప్పుడు పైననే ఉన్న గద అనుకున్న. చెడుతదని నాకెరుకలే, సదా. పిల్లల పానాల మీదికొచ్చింది. బామ్నికి నన్ను తోలుకపో, అందరి ముంగట నేనే చెప్త. ఇంకోటి... ఈ కొత్తదాని కోసం గూడ ఇయ్యాల పొద్దుగాలనే సంచి నానేసిన. ఇంట్ల బకెట్ల ఉన్నది. ముందుగాల పోయి దాన్ని పిండి ఆరెయ్యి, బిడ్డా."